అంపైర్ కౌంట్ తప్పితే ఎలా సరిచేయించుకోవాలి: సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ జట్ల కోసం

బోధన్, రెంజల్ వైపు స్కూళ్ల సాఫ్ట్‌బాల్ పోటీలు మొదలయ్యాయంటే నా ఫోన్‌కి వచ్చే ప్రశ్న ఒకటే. "సార్, మా పిల్లకి నాలుగో బాల్ పడింది, అంపైర్ మూడే అన్నాడు. అడగొచ్చా? అడిగితే గ్రౌండ్ బయటికి పంపిస్తారా?" కందకుర్తి దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్ర. ధర్మాబాద్ వైపు నుంచి వచ్చే కోచ్‌లు కూడా ఇదే అడుగుతారు. కాకపోతే వాళ్లు అంపైర్‌ని 'పంచ్' అంటారు, అంతే తేడా.

అడగొచ్చు. ఎప్పుడు, ఎవరిని, ఏ మాటతో అడగాలో తెలిస్తే చాలు.

మనం భయపడేది క్రికెట్ అలవాటు వల్ల. క్రికెట్‌లో అంపైర్ ఓవర్‌లో బంతులు తప్పుగా లెక్కపెట్టినా ఆయన లెక్కే నిలుస్తుంది. 17వ చట్టంలో అలాగే రాసి ఉంది. ఐదు బంతులకే ఓవర్ అయిందన్నా అంతే, ఏడు వేయించినా అంతే. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్‌లో అలా కాదు. ఇక్కడ లెక్క తప్పితే దిద్దుకునే అవకాశం ఉంది. కానీ ఆ తలుపు ఎక్కువసేపు తెరిచి ఉండదు.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఈ ఆటల్లో పిచ్ అంటే పిచర్ వేసే బంతి. క్రికెట్ పిచ్ కాదు. కొట్టే హద్దుకి బయట పోయి, బ్యాటర్ ఊపకుండా వదిలిన పిచ్ బాల్. హద్దులో పడ్డా వదిలేసినదీ, ఊపి మిస్ అయినదీ స్ట్రైక్. కౌంట్ అంటే ఒక బ్యాటర్‌కి ఇప్పటిదాకా పడిన బాల్స్, స్ట్రైక్‌లు. నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్తుంది, దాన్నే వాక్ అంటాం. మూడు స్ట్రైక్‌లైతే ఔట్. పిచర్ రోజంతా వేసిన బంతుల మొత్తాన్ని కూడా పిచ్ కౌంట్ అంటారు. అమెరికా లిటిల్ లీగ్‌లో 11, 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 85 దాటకూడదన్న హద్దు ఆ లెక్కది. ఇక్కడ దాని గురించి మాట్లాడటం లేదు.

ముందు ఈ తేడా పట్టుకోండి

"అది స్ట్రైక్ కాదు, బయటికి పోయింది" అంటే అది అంపైర్ తీర్పు మీద గొడవ. దానికి అప్పీల్ లేదు, ప్రొటెస్ట్ (నియమం తప్పిందని పెట్టే ఫిర్యాదు) లేదు. బాల్, స్ట్రైక్ తీర్పు మీద వాదించడానికి ప్లేట్ (బ్యాటర్ ఆడే చోట ఉండే పలక) దగ్గరికి బయలుదేరినవాళ్లని ముందు హెచ్చరించి, ఆగకపోతే బయటికి పంపమని బేస్‌బాల్ నియమాల్లోనే ఉంది.

"మీరు బాల్ అన్నవి నాలుగు అయ్యాయి సార్, ఒకసారి చూస్తారా" అంటే అది లెక్క. ఆయన నోటితో చెప్పిన తీర్పులన్నిటినీ మీరు ఒప్పుకుంటున్నారు, కూడిక మాత్రమే సరిచూడమంటున్నారు. ఏ అంపైరూ దీనికి కోపం తెచ్చుకోవలసిన పని లేదు.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2026 నుంచి బ్యాటర్ గానీ పిచర్ గానీ క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) గానీ తల తట్టి బాల్, స్ట్రైక్ తీర్పుని యంత్రంతో చూడమని అడిగే పద్ధతి వచ్చింది. టీవీలో అది చూసి మన పిల్లలు కూడా హెల్మెట్ తట్టుకుంటున్నారు. మన గ్రౌండ్లో అలాంటి యంత్రం లేదు, అది లెక్కకి సంబంధించిన పద్ధతి కూడా కాదు. తట్టుకోవద్దని చెప్పండి.

కావలసినవి

- స్కోర్ షీట్ రాయడానికి ఒకరు. ఆడే పిల్ల కాకూడదు. బెంచ్ మీద కూర్చుని, మ్యాచ్ అయ్యేదాకా లేవని మనిషి కావాలి.
- పెన్సిల్, ప్యాడ్. పెన్ వద్దు.
- మీకొక ఇండికేటర్. అంపైర్ చేతిలో ఉండే, చక్రాలు తిప్పే చిన్న యంత్రమే. దొరక్కపోతే చింతగింజలు: ఎడమ జేబులో మూడు, కుడి జేబులో రెండు. బాల్ పడితే ఎడమ జేబులోంచి ఒకటి, స్ట్రైక్ పడితే కుడి జేబులోంచి ఒకటి తీసి చేతిలో పట్టుకోవాలి. ఎడమ జేబు ఖాళీ అయితే మూడు బాల్స్ అయినట్టు, కుడి జేబు ఖాళీ అయితే రెండు స్ట్రైక్‌లు అయినట్టు. నవ్వకండి, ఐదేళ్లు నేను ఇలాగే నడిపించాను.
- మీ పోటీకి వర్తించే నియమాల పుస్తకం. ఫోన్‌లో ఉన్నా సరే, కానీ సిగ్నల్ లేని చోట తెరుచుకునేలా పెట్టుకోండి.
- అంపైర్‌తో మాట్లాడేది ఎవరో ముందే అనుకోవాలి. కోచ్ గానీ కెప్టెన్ గానీ, ఒక్కరే.

దశలవారీగా

1. ప్రతి పిచ్‌నీ విడిగా రాయండి. చాలామంది స్కోరర్లు బ్యాటర్ ఔట్ అయ్యాక ఫలితం మాత్రమే రాస్తారు. గొడవ వచ్చినప్పుడు ఆ షీట్ ఎందుకూ పనికిరాదు. బాల్‌కి చుక్క, బ్యాటర్ చూస్తూ వదిలేసిన స్ట్రైక్‌కి గీత, ఊపి మిస్ అయితే అడ్డగీత, ఫౌల్‌కి (పక్క గీతల బయటికి కొట్టిన బంతికి) 'ఫ' అని పెట్టండి. పడిన వరుసలోనే, ఎడమ నుంచి కుడికి. గుర్తులు ఏవైనా సరే, ఫౌల్‌కి మాత్రం విడి గుర్తు తప్పనిసరి. ఎందుకో మూడో దశలో తెలుస్తుంది.

2. అంపైర్ చూపించే వేళ్లని సరిగ్గా చదవండి. ముందు బాల్స్, తర్వాత స్ట్రైక్‌లు. 2-1 అంటే రెండు బాల్స్, ఒక స్ట్రైక్. అంపైర్ ఎడమ చేతి వేళ్లతో బాల్స్, కుడి చేతి వేళ్లతో స్ట్రైక్‌లు చూపిస్తాడు. నేను చూసిన గొడవల్లో సగానికి సగం ఇక్కడే పుట్టాయి. అంపైర్ మన వైపు తిరిగి నిలబడితే ఆయన ఎడమ చెయ్యి మనకి కుడి పక్కన కనిపిస్తుంది. మనం అలవాటు కొద్దీ ఎడమ నుంచి కుడికి చదివి 2-1ని 1-2 అనుకుంటాం. పిచర్‌కీ, సెకండ్ బేస్ దగ్గర నిలబడ్డ పిల్లకీ ఎప్పుడూ ఇదే తిప్పలు. "అంపైర్ ఏ చెయ్యి ఎత్తాడో చూడు, నీకు ఏ పక్కన కనపడిందో చూడకు" అని ప్రాక్టీసులో పదిసార్లు చెప్పండి.

భాష గోల ఇంకొకటి. మన సరిహద్దులో ఒకాయన 'మూడు-రెండు' అంటాడు, ఒకాయన 'తీన్-దో', ఇంకొకాయన 'తీన్-దోన్'. గాలి మన వైపు లేకపోతే 'దో'కీ 'దోన్'కీ మధ్య ఏదో కొత్త అంకె వినిపిస్తుంది. వినడం మీద ఆధారపడకండి. వేళ్లు చూడండి.

3. అనుమానం రాగానే కూడిక పరీక్ష చేయండి. ఇది పది సెకన్ల పని. బ్యాటర్‌కి పడిన మొత్తం పిచ్‌లు = బాల్స్ + స్ట్రైక్‌లు + రెండు స్ట్రైక్‌ల తర్వాత కొట్టిన ఫౌల్స్.

రెండు స్ట్రైక్‌లు వచ్చాక కొట్టిన మామూలు ఫౌల్ కౌంట్‌ని మార్చదు. అందుకే దాన్ని వేరుగా కలుపుకోవాలి. ఒక ఉదాహరణ చూడండి:

మొదటి పిచ్ బాల్, 1-0.
రెండోది ఫౌల్, 1-1.
మూడోది చూస్తూ వదిలిన స్ట్రైక్, 1-2.
నాలుగోది ఫౌల్, 1-2 అలాగే ఉంది.
ఐదోది బాల్, 2-2.
ఆరోది ఫౌల్, 2-2 అలాగే.
ఏడోది బాల్, 3-2.

పిచ్‌లు ఏడు. మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు, రెండు స్ట్రైక్‌ల తర్వాతి ఫౌల్స్ రెండు. మూడూ రెండూ రెండూ ఏడు, సరిపోయింది. ఇప్పుడు అంపైర్ 2-2 అన్నాడనుకోండి. ఆయన లెక్క ప్రకారం ఆరే వస్తాయి. ఒక పిచ్ ఎక్కడో జారిపోయింది. ఏది జారిందో చెప్పగలిగితే మీ మాటకి బలం వస్తుంది: "సార్, ఆరోది ఫౌల్, ఆ తర్వాత పడింది బాల్ అన్నారు."

మీ షీట్‌లోనే కూడిక కుదరకపోతే నోరు విప్పకండి. తప్పు మీ దగ్గరే ఉంది.

4. తర్వాతి పిచ్ పడకముందే అడగండి. బంతి ఆటలో ఉండగా అరవకండి. రన్నర్లు (బేస్‌ల మీద ఉన్న బ్యాటింగ్ జట్టువాళ్లు) ఆగాక, బంతి పిచర్ చేతికి వచ్చాక, చెయ్యెత్తి "సార్, టైమ్" అనండి. ఆయన టైమ్ ఇచ్చాకే కదలాలి. బ్యాటర్ అయితే బాక్స్‌లోంచి తనంతట తాను బయటికి రాకూడదు. అడిగి, ఆయన ఇచ్చాకే రావాలి.

5. ప్లేట్ అంపైర్‌నే అడగండి. కౌంట్ ఆయనది. బేస్ అంపైర్ దగ్గరికి వెళ్లి "అన్నా, నువ్వు చెప్పు" అంటే ఇద్దరికీ చెడతారు. స్కోర్‌బోర్డ్ చూపించి వాదించకండి, దానికి విలువ లేదు. దాని మీద అంకెలు మార్చేది మంచినీళ్లు తాగడానికి పోయి వచ్చే ఏడో తరగతి పిల్లాడు.

6. ప్రశ్నగా అడగండి. "సార్, కౌంట్ ఒకసారి చెప్తారా?" ఇంతే మొదటి మాట. అవతలి వైపు అంపైర్ అయితే "సర్, కౌంట్ కితీ ఝాలా?" చాలాసార్లు ఆయన ఇండికేటర్ చూసుకుని, తనే గుర్తు తెచ్చుకుని సరిచేసేస్తాడు. ఆయన చెప్పింది మీ షీట్‌కి సరిపోకపోతే రెండో మాట: "సార్, మా షీట్‌లో ఇంకో బాల్ ఉంది. మీ తోటి అంపైర్‌ని, స్కోరర్‌ని ఒకసారి కనుక్కుంటారా?"

"ఏం చూస్తున్నారు సార్" అన్న మాట మాత్రం రానివ్వకండి. దాని తర్వాత మీ షీట్ బంగారమైనా ఎవరూ చూడరు.

7. అంపైర్లు మాట్లాడుకునేటప్పుడు దూరంగా నిలబడండి. వాళ్లు పిచ్‌లని ఒక్కొక్కటే వెనక్కి గుర్తు తెచ్చుకోవాలి. మధ్యలో మీరు అందిస్తే అవతలి కోచ్ కూడా అందిస్తాడు, అప్పుడిక సంత అవుతుంది. అడిగితే మాత్రం షీట్ ఇచ్చేయండి. మొత్తం చదివి వినిపించాల్సిన పని లేదు. ఇద్దరూ ఒప్పుకున్న చివరి కౌంట్ ఏదో చెప్పి, అక్కడి నుంచి పడిన పిచ్‌లు మాత్రం చెప్పండి. ఏడు పిచ్‌ల మీద తగువు పడేకంటే రెండింటి మీద ఒప్పుకోవడం తేలిక.

8. కొత్త కౌంట్‌ని గట్టిగా చెప్పించండి. "కౌంట్ 3-2 అన్నమాట సార్, థాంక్యూ." ఇరు జట్ల స్కోరర్లూ వినాలి. మీ షీట్‌లో ఆ చోట చిన్న నక్షత్రం గుర్తు పెట్టి, పక్కన 'అంపైర్ సరిచేశారు' అని రాయండి.

ఏ తప్పుకి ఏ దిద్దుబాటు

మూడు బాల్స్‌కే బ్యాటర్‌ని వాక్‌కి పంపేస్తే వెనక్కి పిలుస్తారు, సరైన కౌంట్‌తో మళ్లీ ఆడుతుంది. ఆ వాక్ వల్ల మాత్రమే ముందుకు జరిగిన రన్నర్లు కూడా వెనక్కి వస్తారు. రెండు స్ట్రైక్‌లకే ఔట్ ఇస్తే అదీ ఇంతే. రెండు స్ట్రైక్‌ల కౌంట్‌తో తిరిగి వస్తుంది. నాలుగో బాల్ పడినా వాక్ ఇవ్వకపోతే ఇస్తారు. మూడో స్ట్రైక్‌ని లెక్కపెట్టడం మర్చిపోతే, పాపం, బ్యాటర్ ఔటే. ఈ చివరిది మీ జట్టుకి నష్టం అయినప్పుడు కూడా మీ స్కోరర్ అడిగితే నిజమే చెప్పాలి. లేకపోతే రేపు మీ షీట్‌ని ఎవరు నమ్ముతారు?

చిక్కు వచ్చేది రన్నర్లు ఉన్నప్పుడు. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉంది, అంపైర్ తప్పుగా "బాల్ ఫోర్" అన్నాడు, రన్నర్ నడుచుకుంటూ సెకండ్‌కి వెళ్లింది. క్యాచర్ బంతి విసరలేదు, విసరాల్సిన అవసరం లేదనుకుంది. ఇక్కడ తప్పు అంపైర్ మాటది. సాఫ్ట్‌బాల్‌లో తీర్పు మార్చినందువల్ల ఎవరికైనా నష్టం జరిగే పరిస్థితి వస్తే దాన్ని చక్కదిద్దే అధికారం ప్లేట్ అంపైర్‌కి ఉంది. ఆ అధికారాన్నే వాడమని అడగండి. ఒక పిచ్ పడ్డాక ఆ అధికారం పోతుంది.

బేస్‌బాల్‌లో హద్దు కాస్త పెద్దది. తర్వాతి బ్యాటర్‌కి పిచ్ పడేదాకా కౌంట్ సరిచేయొచ్చు. ఇన్నింగ్స్‌లో చివరి బ్యాటర్ అయితే ఫీల్డింగ్ జట్టు ఇన్‌ఫీల్డర్లందరూ (బేస్‌ల దగ్గర నిలబడేవాళ్లు) ఫెయిర్ గీతల (మైదానం పక్క హద్దుల) లోపలి నుంచి వెళ్లిపోయేదాకా. రెండు ఆటలూ ఆడించే స్కూళ్లకి నా సలహా: ఏ ఆటైనా తర్వాతి పిచ్‌నే హద్దు అనుకోండి. రెండు నియమాలు గుర్తుపెట్టుకుని ఒకటి మర్చిపోయేకంటే అది మేలు.

అంపైర్ ఒప్పుకోకపోతే

ఇక్కడ సన్నని గీత ఒకటి ఉంది, కోచ్‌లు దాన్ని దాటి తప్పటడుగు వేస్తారు. అంపైర్ "నాకు గుర్తున్నంతవరకు రెండే స్ట్రైక్‌లు పడ్డాయి" అంటే అది ఆయన చూసిన విషయం మీద మాట. దాని మీద ప్రొటెస్ట్ నిలవదు. "మూడు స్ట్రైక్‌లు పడ్డాయి కానీ ఆడనివ్వండి" అన్నా, రెండు స్ట్రైక్‌ల మీద కొట్టిన మామూలు ఫౌల్‌ని మూడో స్ట్రైక్‌గా ఔట్ ఇచ్చినా అది నియమాన్ని తప్పుగా వాడటం. అప్పుడు ప్రొటెస్ట్ పెట్టొచ్చు.

సాఫ్ట్‌బాల్‌లో ప్రొటెస్ట్ చెప్పాల్సింది తర్వాతి పిచ్ పడకముందే. ఆ పిచ్ సక్రమమైనదైనా, ఇల్లీగల్ అయినా తేడా లేదు. ఇన్నింగ్స్ అయిపోతే ఇన్‌ఫీల్డర్లందరూ ఫెయిర్ గీతల లోపలి నుంచి వెళ్లకముందే. మ్యాచ్ చివరి ఆటైతే అంపైర్లు గ్రౌండ్ వదలకముందే. నోటితో చెప్పాక కాగితం మీద రాసి ఇవ్వాలి. తేదీ, సమయం, చోటు, అంపైర్ల, స్కోరర్ల పేర్లు, ఏ నియమం, అంపైర్ ఏం చెప్పారు, ఆ క్షణాన కౌంట్ ఎంత, రన్నర్లు ఎక్కడున్నారు, ఎన్ని ఔట్లు. 'మాకు అన్యాయం జరిగింది' అని రెండు పేజీలు నింపకండి. నియమం నెంబరు ఒక్కటి లేకపోతే ఆ రెండు పేజీలూ వృథా.

నిజం చెప్పాలంటే స్కూలు పోటీల్లో ప్రొటెస్ట్ దాకా పోవడం నాకు ఇష్టం ఉండదు. సాయంత్రం ఆఖరి బస్సు పోతుంది, పిల్లలు ఆకలితో ఉంటారు. నాలుగో దశ సరిగ్గా చేస్తే పదింట తొమ్మిదిసార్లు అక్కడే తేలిపోతుంది.

లెక్క ఎక్కడ జారుతుంది

అంపైర్లు కావాలని తప్పు చేయరు. ఎక్కడ జారుతుందో తెలిస్తే అక్కడ మీ కన్ను ముందే ఉంటుంది.

రెండు స్ట్రైక్‌ల ఫౌల్ మొదటిది. ఇది నేనే చేశాను, దాచుకోవడం ఎందుకు. సరిహద్దు ఊళ్లో ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో అమ్మాయిల మ్యాచ్, ప్లేట్ వెనక నేను. 1-2 మీద అమ్మాయి ఫౌల్ కొట్టింది, నా వేలు అలవాటుగా స్ట్రైక్ చక్రం తిప్పేసింది. మూడు కనపడింది, ఔట్ అన్నాను. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు, బ్యాట్ పెట్టేసి వెళ్లిపోయింది. వాళ్ల కోచ్ కూడా అడగలేదు. సాయంత్రం షీట్ తిరగేస్తే 'ఫ' కళ్లముందు కనపడింది. అప్పటికి ఎవరూ చేసేదేమీ లేదు. ఆ కోచ్ "సార్, కౌంట్ ఒకసారి చెప్తారా" అని ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

ఫౌల్‌లో కూడా తేడాలున్నాయి. రెండు స్ట్రైక్‌ల మీద బంట్ (ఊపకుండా బ్యాట్ అడ్డం పెట్టి మెల్లగా తాకించడం) ఫౌల్ అయితే ఔటే. బ్యాట్ అంచుకి తగిలి నేరుగా క్యాచర్ చేతిలోకి దూసుకుపోయి నిలిస్తే అది ఫౌల్ టిప్, అదీ స్ట్రైకే, రెండు స్ట్రైక్‌ల మీద ఔటే. ఈ రెండూ తెలియక అంపైర్‌ని తప్పుపట్టి నవ్వులపాలైన కోచ్‌లున్నారు.

చెక్ స్వింగ్, అంటే ఊపబోయి సగంలో ఆపడం. 3-1 మీద ప్లేట్ అంపైర్ బాల్ అంటాడు, బ్యాటర్ బ్యాట్ పడేసి ఫస్ట్‌కి పరుగెడుతుంది. క్యాచర్ బేస్ అంపైర్‌ని కనుక్కోమని అడుగుతుంది, ఆయన "ఊపింది" అంటాడు. అది స్ట్రైక్ అయిపోయి కౌంట్ 3-2. ఈలోగా బెంచ్ మీద స్కోరర్ వాక్ రాసేసి ఉంటుంది. అంపైర్ చెయ్యి పూర్తిగా దించేదాకా పెన్సిల్ కదపొద్దని చెప్పండి.

ఇల్లీగల్ పిచ్. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ తప్పుగా వేస్తే అంపైర్ ఎడమ చెయ్యి పక్కకి చాపుతాడు, ఆ బంతి మీద ఆట ఆగాక బ్యాటర్‌కి ఒక బాల్ కలుపుతాడు. పిచ్ స్ట్రైక్‌లా కనపడి ఉండొచ్చు, షీట్‌లో గీత పెట్టేసి ఉంటారు. ఆ చాచిన చెయ్యి చూడకపోతే మీ లెక్క తప్పినట్టే.

'నో పిచ్' దీనికి తలకిందులు. టైమ్ ఇచ్చాక పడిన బంతి అసలు లెక్కలోకి రాదు. మన గ్రౌండ్లలో కుక్క అడ్డం వచ్చినా, పక్క కోర్టు వాలీబాల్ దొర్లి వచ్చినా అంపైర్ చెయ్యెత్తుతాడు, పిచర్ చూడకుండా వేసేస్తుంది. కొట్టివేత గుర్తు పెట్టి వదిలేయండి. మూడో దశలో చెప్పిన కూడికలో దాన్ని కలపకండి.

పిచ్ పడకుండానే కౌంట్ మారేవీ ఉన్నాయి. మేజర్ లీగ్‌లో 2023 నుంచి గడియారం పెట్టారు. పిచర్ ఆలస్యం చేస్తే బాల్, బ్యాటర్ ఆలస్యం చేస్తే స్ట్రైక్. మన దగ్గర ఆ గడియారం చాలా పోటీల్లో లేదు, కానీ మీ పోటీ నియమాల్లో ఉందేమో మొదటి రోజే కనుక్కోండి.

రన్నర్ దొంగిలింపు (బేస్ స్టీల్), అంటే పిచ్ పడుతుండగా తర్వాతి బేస్‌కి పరుగెత్తడం. క్యాచర్ సెకండ్‌కి విసిరింది, దుమ్ము లేచింది, అంపైర్ కళ్లు అటే ఉన్నాయి, వేలు చక్రం తిప్పడం మర్చిపోయింది. బేస్ స్టీల్ జరిగిన ప్రతిసారీ వెంటనే కౌంట్ అడగడం మంచి అలవాటు. మర్యాదగా అడిగితే ఆయనకీ మేలే.

మారిన బ్యాటర్. మధ్యలో కొత్త బ్యాటర్‌ని దింపితే పాత కౌంట్ అలాగే కొనసాగుతుంది. సున్నా నుంచి మొదలుకాదు. వరుస తప్పి వచ్చిన బ్యాటర్‌ని మధ్యలో పట్టుకుని అసలు బ్యాటర్‌ని పిలిచినా అంతే, ఉన్న కౌంట్‌ని మోస్తుంది.

స్కోరర్‌కి ఒక హెచ్చరిక

అధికారిక స్కోరర్‌గా కూర్చున్నవాళ్లు ఏ జట్టుకీ చెందరు. మూడు ఔట్లు కాకుండానే జట్లు మారిపోతుంటే వెంటనే ప్లేట్ అంపైర్‌కి చెప్పాలి, బేస్‌బాల్ నియమాలు అలా చెప్పమనే అంటాయి. అదే బ్యాటర్ వరుస తప్పి వస్తే మాత్రం అంపైర్‌కీ చెప్పకూడదు, జట్టుకీ చెప్పకూడదు. పట్టుకోవాల్సింది ఎదుటి జట్టు. మా వాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు: ఔట్ల దగ్గర మొహమాటపడి ఊరుకుంటారు, వరుస తప్పితే కేక వేస్తారు.

సరిపడిందో లేదో చూసుకోవడం

ఇన్నింగ్స్ మధ్య అర నిమిషం దొరుకుతుంది. ఎదుటి జట్టు స్కోరర్ షీట్‌తో మీది పక్కపక్కన పెట్టి, ప్రతి బ్యాటర్‌కి పడిన పిచ్‌ల సంఖ్య ఒకటేనా చూడండి. బాల్స్, స్ట్రైక్‌లు విడివిడిగా చూడక్కర్లేదు, మొత్తం సంఖ్య చాలు. ఎక్కడ తేడా ఉంటే అక్కడే ఎవరో ఒకరు నో పిచ్‌నో ఇల్లీగల్ పిచ్‌నో తప్పుగా రాశారు. వాక్ రాసిన ప్రతిచోటా నాలుగు చుక్కలున్నాయా? స్ట్రైక్‌ఔట్ రాసిన ప్రతిచోటా మూడో స్ట్రైక్ గుర్తు ఉందా? పిచర్ లేదా కోచ్ సైగ చేసి కావాలని ఇచ్చిన వాక్ ఒక్కదానికే మినహాయింపు. అందులో బంతులు వేయకుండానే ఫస్ట్ బేస్ ఇవ్వొచ్చు. అక్కడ 'సైగ' అని రాసుకోండి.

మీరే ప్లేట్ వెనక నిలబడేవాళ్లయితే ఇంకో రెండు పనులు. బ్యాటర్ మారిన ప్రతిసారీ బాల్, స్ట్రైక్ చక్రాలని సున్నాకి తిప్పి, కళ్లతో చూసుకుని మరీ పిచర్‌కి సైగ చేయండి. కౌంట్‌ని కనీసం రెండు పిచ్‌లకోసారి గట్టిగా చెప్పండి. మీరు తప్పు చెబితే వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు, అదే మీకు కావలసింది.

ఇండికేటర్ చక్రాల్లోకి మన నల్లరేగడి దుమ్ము వెళ్తే ఒక పల్లు దాటి రెండు పళ్లు తిరుగుతాయి. రెండు మ్యాచ్‌లకోసారి పాత టూత్‌బ్రష్‌తో దులపండి. నూనె వేయకండి, వేస్తే దుమ్ము ఇంకా అతుక్కుంటుంది.